పేరు లేని ముఖాలు, ముఖం లేని పేర్లు

పితృకార్యం నాడు తర్పణం విడిచే వేళ పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతాడు: తండ్రి, తాత, ముత్తాత. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడిన గృహస్థు మొదటి రెండు పేర్లు తడుముకోకుండా చెబుతాడు. మూడవ పేరు దగ్గర ఆగి, గుంటూరులో ఉన్న మేనత్తకు ఫోను చేస్తాడు. ఆమె ఉన్నంత కాలం ఇది చిన్న ఇబ్బంది మాత్రమే. నాలుగవ తరాన్ని మంత్రం అడగదు కనుక, అనేక కుటుంబాల జ్ఞాపకం కూడా అక్కడితోనే ఆగిపోతుంది.

పూర్వం ఈ జ్ఞాపకాన్ని మోయడానికి వేరే మనుషులే ఉండేవారు. పిచ్చకుంట్లవారు కాపు, రెడ్డి కుటుంబాల ముంగిట నిలిచి వారి గోత్రాన్ని, ఇంటిపేరును, వంశక్రమాన్ని గానం చేసి సంభావన పుచ్చుకొనేవారు. ప్రభుత్వ జాబితాలలో వీరికి వంశరాజ్ అనే పేరు కూడా ఉన్నది. వ్రాతకు ఎక్కని వంశవృక్షం వారి నాలుక మీద బ్రతికినది. అయితే సముద్రం దాటిన కుటుంబాల వెంట ఆ గాయకుడు ఓడ ఎక్కలేదు.

అట్లా దాటిన కుటుంబాల సంగతి ఏమైనదో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. ఆస్ట్రేలియా నగరాలలో ఉగాదికి, సంక్రాంతికి కలుసుకొనే తెలుగువారిలో ఫిజీ నుంచి వచ్చిన కుటుంబాలు కూడా ఉన్నవి. 1879 మే 14న ‘లియోనిడాస్’ అనే ఓడ తొలి భారతీయ కూలీలను ఫిజీ తీరానికి చేర్చినది. ఆ తరువాత 1916 వరకు అరవై వేలకు పైగా భారతీయులు చెరకు తోటలలో పనిచేయడానికి అక్కడికి వెళ్ళారు. మొదట అందరూ కలకత్తా రేవు నుంచే వెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరుచుకున్నది. అక్కడ ఓడ ఎక్కిన సుమారు 15 వేల మందిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాలవారు గణనీయంగా ఉన్నారు. వారు వేలిముద్ర వేసిన ‘అగ్రిమెంటు’ అనే మాట నోట నలిగి ‘గిర్మిట్’ అయినది, వారు గిర్మిటియాలైనారు. 1941లో వారి సంతతివారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకొని భాషను నిలుపుకోవాలని ప్రయత్నించారు. అయినా మూడవ తరం వచ్చేసరికి చాలా ఇండ్లలో మాట్లాడే భాష ఫిజీ హిందీ అయినది. 1987లో, సరిగ్గా మే 14వ తేదీనే, సువాలో సైనిక తిరుగుబాటు జరిగినది. దాని తరువాతా, 2000 సంవత్సరపు తిరుగుబాటు తరువాతా ఎన్నో భారతీయ కుటుంబాలు రెండవసారి ఓడ వంటి ప్రయాణమే చేసి ఆస్ట్రేలియాకు చేరుకున్నవి.

ఈ కుటుంబాలకు ఒక ఆధారం మిగిలి ఉన్నది. ఓడ ఎక్కిన ప్రతి మనిషికి ఒక ‘ఎమిగ్రేషన్ పాసు’ ఉండేది. అందులో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామం, దగ్గరి బంధువు పేరు, ఒంటి మీద పుట్టుమచ్చ లేక గాయపు గుర్తు వ్రాసి ఉంటాయి. ఈ పాసులు సువాలోని ఫిజీ జాతీయ పురాలేఖాగారంలో ఉన్నవి. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్-టొబాగో దేశాలలోని ఇటువంటి కూలీ పత్రాలను 2011లో యునెస్కో తన ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. ఫిజీలో పుట్టి కాన్‌బెరాలో ఆచార్యుడుగా పనిచేసిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్, కలకత్తా నుంచి వచ్చిన 45,439 మంది పాసులను కంప్యూటరు సహాయంతో పరిశీలించి 1983లో ‘గిర్మిటియాస్’ అనే గ్రంథం వెలువరించాడు. ఆ పరిశోధన ఉత్తర భారతీయులకే పరిమితమైనది. మద్రాసు పాసుల నుంచి తమ ఊరు వెతుక్కొనే పని తెలుగు కుటుంబాలు తామే చేసుకోవలసి వస్తున్నది.

ఆ పని అనుకున్నంత సులభం కాదు. తెలుగు పేరును గుమాస్తా తన చెవికి వినిపించినట్లు ఇంగ్లీషులో వ్రాసుకున్నాడు. అప్పన్న అనే పేరు ఒక్కొక్క కాగితంలో ఒక్కొక్క వర్ణక్రమంతో కనిపించవచ్చు. పాసులో ఇంటిపేరుకు గడియే లేదు. తండ్రి పేరు మాత్రమే అడిగారు. ఫిజీలో ఆ తండ్రి పేరే, లేదా అప్పన్న పేరే, మనుమల నాటికి ఇంటిపేరుగా స్థిరపడినది. కనుక ఈనాడు సిడ్నీలో కనిపించే ఇంటిపేరును పట్టుకొని ఆంధ్రదేశంలో వెతికితే ప్రయోజనం ఉండదు. అసలు ఇంటిపేరు ఓడరేవులోనే జారిపోయినది.

ఊరి సంగతి ఇంకొక చిక్కు. పాసు మీద ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉన్నదనుకొందాం. నాటి ఆ జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం ఏర్పడినవి. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చినవి. ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉంటే ఆ ఊరు నేడు తమిళనాడులో ఉండవచ్చు, చిత్తూరు వైపునా ఉండవచ్చు. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. ఇక కొత్తపల్లి, కొత్తూరు, రామాపురం వంటి పేర్లు లేని జిల్లా ఏది? తాలూకా పేరు చదవగలిగితేనే దారి తెలుస్తుంది. అందుచేత పాసు నకలు సంపాదించినవారు ముందు చూడవలసినది ఊరి పేరు కాదు, దానికి పైన ఉన్న తాలూకా పేరు.

ఇంత వివరం వ్రాసిన ఆ పాసులో ఒకటి మాత్రం లేదు: మనిషి బొమ్మ. ఎత్తు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలో ఉన్నది, ఎడమ చేతి మచ్చ ఉన్నది, ముఖం లేదు. అదే కాలంలో ఆస్ట్రేలియా పద్ధతి వేరు. 1901 వలస నిరోధక చట్టం కింద, ఇక్కడ నివసిస్తున్న భారతీయుడు స్వదేశం చూసి తిరిగి రావాలంటే ‘డిక్టేషన్ పరీక్ష’ నుంచి మినహాయింపు పత్రం తీసుకోవాలి. ఆ పత్రానికి ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీసిన ఫోటోలు అతికించి, వెనుక అరచేతి ముద్ర వేయించేవారు. తెల్లవారు కానివారిని బయట ఉంచడానికి పుట్టిన ఆ కాగితమే నేడు ఆస్ట్రేలియా జాతీయ పురాలేఖాగారంలో కొన్ని భారతీయ కుటుంబాలకు పేరునూ ముఖాన్నీ ఒకే చోట చూపుతున్నది. చరిత్రలో ఇటువంటి వింతలు తక్కువేమీ కావు.

మరి ఇటీవలి దశాబ్దాలలో హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నేరుగా విమానంలో వచ్చిన కుటుంబాల స్థితి తలక్రిందులు. వారి దగ్గర ముఖాలు పుష్కలంగా ఉన్నవి, పేర్లు లేవు. ట్రంకుపెట్టెలో నుంచి తెచ్చుకున్న ఫోటోలలో స్టూడియో తెర ముందు కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, పక్కన నిలిచిన ఇల్లాలు, నేల మీద నలుగురు పిల్లలు. వెనుక స్టూడియో ముద్ర తప్ప ఇంకేమీ ఉండదు. అందులో ఎవరెవరో చెప్పగలిగినవారు లోకంలో ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు. వారికి ఎనభై ఏండ్లు దాటి ఉంటాయి.

ఫోటో వయస్సు మనిషి వయస్సు వంటిది కాదు. 1940 ప్రాంతపు నలుపు తెలుపు ఫోటోలో బొమ్మను నిలిపి ఉంచేది జెలటిన్ పొరలో చిక్కుకున్న సన్నని వెండి రేణువులు. కడిగేటప్పుడు హైపో అనే లవణం సరిగా పోకపోతే అది వెండితో కలిసి పసుపు, గోధుమ రంగు మరకలు పుట్టిస్తుంది. గాలిలోని ఆమ్లజని, కాలుష్యం తగిలి అంచులలో అద్దంలా మెరిసే నీలివెండి పూత ఏర్పడుతుంది. అయినా లోహం లోహమే. శ్రద్ధగా కడిగిన ఫోటో నూరేండ్లు దాటి నిలుస్తుంది. రంగుల ఫోటోలో చివరకు వెండి మిగలదు. పసుపు, ఎరుపు ఛాయ గల మజెంటా, నీలి ఛాయ గల సయాన్ అనే మూడు సేంద్రియ రంగులే బొమ్మ. ఆనాటి కాగితాలలో సయాన్ రంగు చీకటిలో ఉంచినా కరిగిపోయేది. 1970లలో జరిగిన పెండ్లి ఆల్బమ్ తెరిచి చూస్తే వధూవరులు, పందిరి, అరటి చెట్లు అన్నీ ఎర్రబారి కనిపించడానికి కారణం ఇదే. తాతగారి ఫోటో కంటే మనుమరాలి పెండ్లి ఫోటో ముందుగా పోతుంది! ఏది ముందు నకలు తీయాలి అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉన్నది.

రంగుపోవడానికి వేడి, తేమ తోడు. ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు తగ్గితే ఫోటో ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని భద్రతా నిపుణుల అంచనా. జెలటిన్ జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసినది; తేమ 65 శాతం దాటితే బూజుకు అది విందు. బ్రిస్బేన్ వేసవిలో గరాజ్‌లోని అట్టపెట్టె, మెల్‌బోర్న్‌లో పైకప్పు కింది అటక, రెండూ ఫోటోలకు శత్రువులే. ఇంటి మధ్య గదిలోని బట్టల అలమారు మేలు. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లు ఒకప్పుడు ప్రతి ఇంటా ఉండేవి. ఆ జిగురు ఫోటో వెనుకకు ఎక్కి మరక చేస్తుంది. వాటిలో నుంచి సులభంగా వచ్చిన ఫోటోలను తీసివేయాలి, రానివాటిని అక్కడే ఉంచి నకలు తీయాలి.

గోడకు వేలాడిన పటాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన ఇండ్లలో పెద్దల ఫోటోకు అద్దం వేయించి, బొట్టు పెట్టి, దండ వేసి, సాంబ్రాణి పొగ పట్టడం ఆచారం. ఏండ్ల తేమకు జెలటిన్ పొర అద్దానికి అంటుకొని ఉంటుంది. పటం విప్పి ఫోటోను లాగితే ముఖం అద్దంతోనే ఉండిపోతుంది, చేతికి కాగితం వస్తుంది. అటువంటిదానిని విప్పకుండా, కిటికీ పక్కన నీడలో పెట్టి, వెలుగు అద్దం మీద పడకుండా ఏటవాలుగా కెమెరాతో తీయడమే ఉత్తమం.

చిన్న ఫోటోలను స్కానర్ మీద అంగుళానికి కనీసం 600 చుక్కల చొప్పున, పాస్‌పోర్ట్ ప్రమాణంలోవి 1200 చొప్పున తీసి ఉంచుకోవాలి. సెల్‌ఫోను సందేశాల ద్వారా పంపిన బొమ్మ సాధారణంగా కుదించబడి చేరుతుంది. అది చూడడానికే గాని దాచడానికి కాదు. ఫ్లాపీలలో దాచుకున్నవారు ఈనాడు వాటిని చదివే యంత్రం కోసం వెతుకుతున్నారు. పెండ్లి వీడియో క్యాసెట్ల సంగతీ అంతే. అయస్కాంత టేపులను 2025 లోపల మార్చుకోకపోతే చాలా వరకు దక్కవని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే హెచ్చరించినది. తాతగారి గొంతు ఉన్న క్యాసెట్ ఇంట్లో ఉంటే ఆలస్యం చేయకూడదు.

ఇటీవల యువకులు మొదట తలచుకొనేది లాలాజలం పంపి చేయించే డి.ఎన్.ఏ. పరీక్ష. ముత్తాత నుంచి మనిషికి సంక్రమించేది సగటున ఎనిమిదవ వంతు. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వెళ్ళే వై క్రోమోజోము గోత్రం వలె నడుస్తుంది. తల్లి నుంచి బిడ్డలకు వెళ్ళే మైటోకాండ్రియా, పెండ్లితో ఇంటిపేరు మారిన స్త్రీల జాడను మోస్తుంది. అయితే తెలుగువారి విషయంలో ఒక మెలిక ఉన్నది. మేనరికపు పిల్లవానికి ముత్తాత ముత్తవ్వలు ఎనిమిది మంది కారు, ఆరుగురే. మేనమామను చేసుకున్న అమ్మాయి బిడ్డకు నాన్నను కన్నవారే అమ్మకు అమ్మమ్మ, తాతయ్య. అందువల్ల పరీక్షా ఫలితాలలో దూరపు బంధువు కూడా దగ్గరివాడుగా కనిపిస్తాడు. ఇంగ్లీషు కుటుంబాల కోసం తయారైన వంశవృక్షపు ప్రోగ్రాములు ఒకే మనిషిని రెండు తరాలలో గీయలేక తికమకపడతాయి. డి.ఎన్.ఏ. ఊరి పేరు ఎలాగూ చెప్పదు.

వంశవృక్షం వల్ల వైద్యానికి కలిగే మేలు మాత్రం వేరు. మేనరికాలున్న కుటుంబాలలో పసితనంలోనే పోయిన బిడ్డల పేర్లను పెద్దలు చెప్పరు, పిల్లలు అడగరు. వైద్యునికి కావలసినవి ఆ శాఖలే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., హార్వర్డ్ శాస్త్రజ్ఞులు 2017లో ప్రచురించిన పరిశోధన, తరతరాలుగా తమలో తామే వివాహమాడిన సమూహాలలో ఇటువంటి జబ్బులు ఎట్లా నిలుస్తాయో వివరించినది. వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్సలో వాడే ఒక కండర శిథిలీకరణ మందు త్వరగా విరగదు. దానిని విరిచే ఎంజైము వారిలో లోపిస్తుంది. ఆపరేషన్ తరువాత ఊపిరి అందక ఇబ్బందిపడిన మేనమామ ఉంటే ఆ సంగతి మత్తు వైద్యునికి ముందుగా చెప్పవలసినదే. అది తెలియాలంటే ఎవరో ఒకరు అడిగి, వ్రాసి ఉంచాలి.

అడగడానికి ఫోటో వంటి సాధనం లేదు. ‘మీ చిన్ననాటి విశేషాలు చెప్పండి, అమ్మమ్మా’ అంటే ఆమె ‘ఏముందమ్మా చెప్పడానికి’ అంటుంది. ఫోటో చేతికిచ్చి, ‘ఈ అరుగు ఎవరి ఇంటిది? ఈ పిల్లవాని మెడలో గొలుసు ఎవరు చేయించారు?’ అని అడిగితే గంటసేపు మాట్లాడుతుంది. ఈ ప్రశ్నలను తల్లిదండ్రులకంటె మనుమలు అడిగితే మరింత బాగా జవాబులు వస్తాయి. తెలుగు సరిగా రాని మనుమడైనా ఫోనులో ధ్వని ముద్రించగలడు. అర్థం చేసుకోవడం తరువాత కూడా జరుగుతుంది.

వ్రాసేటప్పుడు ‘అంకుల్’ అని వ్రాయకూడదు. పెదనాన్న, పినతండ్రి, మేనమామ, మేనత్త భర్త, తోడల్లుడు: ఒక్కొక్క మాట వంశవృక్షంలో ఒక్కొక్క కొమ్మ. ‘కాకినాడ మామయ్య’ అన్నదీ చాలదు, ఎవరికి మామయ్యో ఉండాలి. ఆయన కాకినాడ వదిలి నలభై ఏండ్లయి ఉంటుంది! ఫోటో వెనుక బాల్‌పాయింటు కలం వాడితే గీత ముందుకు దిగుతుంది. పాత కాగితం మీద మెత్తని పెన్సిలుతో, అంచున, తేలికగా వ్రాయాలి. ప్లాస్టిక్ పూత గల కొత్త కాగితం పెన్సిలును పట్టదు కనుక దానిని ఉంచిన కవరు మీద వ్రాయాలి. ఎడమ నుంచి కుడికి వరుసగా పేరు, చుట్టరికం, ఊరు, తాలూకా, సుమారు సంవత్సరం, చెప్పినవారి పేరు. ఎవరో తెలియని ముఖం వద్ద ప్రశ్నార్థకం ఉంచి, ఎవరెవరిని అడిగినదీ, ఏ తేదీన అడిగినదీ వ్రాసి, ఆ నకలును రాజమండ్రిలోని పినతల్లి కూతురికి పంపాలి.