కుక్క టి.బి. మాత్రలు మింగితే ఏం చేయాలి?

ఆ మధ్య ఒకరోజు ఓ.పి. తెరిచే వేళకు ఒక తల్లి కొరికేసిన మాత్రల అట్ట పట్టుకొని వచ్చారు. "ఇవి మా కుక్క తినేసిందండీ, ఏమైనా అవుతుందా?" అని అడిగారు. ముందు పశువుల డాక్టరుకు చూపించలేదేమమ్మా అంటే, "ఇవేం మాత్రలని అడుగుతారు కదండీ" అన్నారు మెల్లగా. ఆ మాట విన్నందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

ఆ అట్టలో ఉన్నది ఐసోనియాజిడ్. టి.బి. ఉన్నవారికీ, జబ్బు సోకకుండా వారి ఇంటివారికీ ఇచ్చే మందే. దీన్ని మన కాలేయం మార్చి బయటికి పంపేస్తుంది. అలా మార్చే ఎంజైము కుక్కకు లేదు. మందు ఒంట్లో పేరుకొని, మెదడుకు కావలసిన బి6 విటమిన్‌ను పనిచేయనివ్వదు. కొద్ది గంటల్లోనే, ఒక్కోసారి అరగంటకే, వణుకు, తూలుడు, ఆగని ఫిట్స్ మొదలవుతాయి. పది కిలోల కుక్కకు 300 మిల్లీగ్రాముల మాత్రలు రెండు చాలు, ప్రాణం మీదికి రావడానికి. నాలుగు మందులు కలిపిన మాత్రలో ఐసోనియాజిడ్ 75 మిల్లీగ్రాములే ఉంటుంది గాని, అవి ఏడెనిమిది తింటే అంతే ప్రమాదం.

విరుగుడు ఉంది. అదే బి6, నరానికి ఇచ్చే ఇంజెక్షన్. ఎన్ని మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్ మింగిందో అన్ని మిల్లీగ్రాములు ఇస్తారు. కాబట్టి లెక్క చాలా ముఖ్యం. అట్టలో ఎన్ని ఉండాలి, ఎన్ని మిగిలాయి, నేలమీద ఎన్ని పడ్డాయి చూసుకొని, అట్టతో సహా వెంటనే పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. దూరమైతే 1962కు ఫోన్ చేసి అడగండి. మాత్రలు ఎవరివో చెప్పనవసరం లేదు, మందు పేరు మాత్రం దాచకండి. నోరు రాకపోతే మాకు ఫోన్ చేయండి, ఆ డాక్టరుగారితో మేమే మాట్లాడతాం.

ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం చాలామందికి అలవాటు. వద్దు, ఆ ఉప్పే కుక్కను చంపగలదు. ఫిట్స్ వస్తున్నప్పుడు నోట్లో ఏదీ పోయకండి, పాలైనా సరే. ఇంట్లోని బి6 మాత్ర మింగించి ఊరుకోవద్దు. వాంతి చేయించాలో లేదో పశువుల డాక్టరు చూసి చెబుతారు.

ఒళ్ళు నొప్పులకు వాడే ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా కుక్కకు కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ పిల్లికైతే ఒక్కటే ప్రాణం తీయవచ్చు. జ్వరంగా ఉందని మన మాత్ర విరిచి పెట్టేవారూ ఉన్నారు, అదీ మానాలి.

ఆ తల్లికి మందు పేరు, లెక్క చీటీ మీద రాసిచ్చి ఆటో ఎక్కించాం. దారిలోనే ఫిట్స్ వచ్చాయట, అయినా కుక్క బతికింది. పోయిన మాత్రల సంగతి మాత్రం ఆమెకు మర్నాటిదాకా గుర్తు రాలేదు. మీకలా జరిగితే అదేరోజు వచ్చి వేరే అట్ట తీసుకోండి. మాత్రలు పోయాయని మిమ్మల్ని ఎవరూ కోప్పడరు, రోగికి ఒక్కరోజు మందు కూడా తప్పకూడదు.