కొండ కింద కిక్కిరిసిన ఊరు

విస్తీర్ణం నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. జనం 50 వేల పైచిలుకు. అంటే చదరపు కిలోమీటరుకు 11 వేల మందికి పైనే! దక్షిణ ఇటలీలో నేపుల్స్ నగరాన్ని ఆనుకుని, సముద్రం ఒడ్డున ఉన్న పోర్టిచి పట్టణం లెక్క ఇది. ఐరోపాలో అత్యంత కిక్కిరిసిన పట్టణాల్లో ఇదీ ఒకటి. ఇళ్లు ఎంతలా కలిసిపోయాయంటే, ఏ ఊరు ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలియదు.

ఇరుకు ఊళ్లు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. పోర్టిచి సంగతి వేరు. ఒకపక్క సముద్రం, మరోపక్క ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో వెసూవియస్ అగ్నిపర్వతం! క్రీ.శ. 79లో పాంపేయిని, హెర్క్యులేనియాన్ని పూడ్చిపెట్టింది అదే. హెర్క్యులేనియం శిథిలాలున్నది పోర్టిచి పక్కూరు ఎర్కొలానోలోనే.

1631 డిసెంబరులో ఆ కొండ మళ్లీ బద్దలైంది. చుట్టుపక్కల ఊళ్లలో మూడు వేల మందికి పైగా చనిపోయారు. పోర్టిచి కూడా దెబ్బతింది. ఆ తర్వాత స్పెయిన్ రాజప్రతినిధి ఊళ్లో లాటిన్ భాషలో ఓ శిలాఫలకం వేయించాడు. రాబోయే తరాలవారికి హెచ్చరిక అది. కొండ ఉరిమితే ఇల్లూ సామానూ అని చూసుకోకుండా పరుగెత్తమని దాని సారాంశం. ఆ ఫలకం ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ ఊరు ఇంకా పెరిగింది!

1738లో నేపుల్స్ రాజు చార్లెస్ ఇక్కడే రాజభవనం కట్టడం మొదలుపెట్టాడు. అగ్నిపర్వతం గుర్తుచేస్తే, ఆ సంగతి దేవుడు, మేరీమాత, సెయింట్ జెనారో చూసుకుంటారు అన్నాడని చెబుతారు. రాజే వచ్చాక పరివారం ఊరుకుంటుందా? ప్రభువులంతా పోటీపడి తోటలతో భవంతులు కట్టుకున్నారు. 1839 అక్టోబరు 3న ఇటలీలోనే తొలి రైలు నేపుల్స్ నుంచి పోర్టిచికి నడిచింది. అన్నట్టు, ఆ ఇంజిన్ పేరు కూడా వెసూవియోనే! రాజభవనంలో 1872 నుంచి వ్యవసాయ కళాశాల నడుస్తోంది.

అసలు రద్దీ రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చింది. నేపుల్స్‌లో పని, ఇల్లు ఇక్కడ. తోటలు పోయి వాటిలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒకదశలో జనాభా 70 వేలు దాటింది. వెసూవియస్ చివరిసారి పేలింది 1944లో. ఆ తర్వాత పుట్టినవాళ్లకు అది కిటికీలోంచి కనిపించే కొండ మాత్రమే.

మరి మళ్లీ రగిలితే? పోర్టిచితో కలిపి 25 పురపాలికల్లోని దాదాపు ఏడు లక్షల మందిని 72 గంటల్లో తరలించాలన్నది ఇటలీ ప్రభుత్వ ప్రణాళిక. మొదటి 12 గంటలు సర్దుకోవడానికి, 48 గంటలు ప్రయాణానికి, మిగతావి అనుకోని అడ్డంకులకు. సొంత కారు లేనివాళ్లకు బస్సులు వస్తాయి. ఏ ఊరివాళ్లు దేశంలో ఏ ప్రాంతానికి వెళ్లాలో కూడా ముందే నిర్ణయించారు. కాగితం మీద చక్కగానే ఉంది. కానీ మామూలు రోజునే వాహనాలు నత్తనడక నడిచే వీధులివి. పైగా ఇదంతా శాస్త్రవేత్తలు మూడు రోజుల ముందు పసిగట్టగలిగితేనే! 1841లో వెసూవియస్ కోసం పెట్టిన పరిశోధన కేంద్రం ఇప్పటికీ కొండ మీద కన్నేసి ఉంచింది.

జనాన్ని ముందే ఖాళీ చేయించే ప్రయత్నమూ జరిగింది. 2003లో ప్రాంతీయ ప్రభుత్వం, ఊరు వదిలివెళ్లే కుటుంబానికి 30 వేల యూరోల వరకు ఇస్తానంది. పెద్దగా ఎవరూ కదల్లేదు. ఆ డబ్బుతో నేపుల్స్ చుట్టుపక్కల ఇల్లు రాదు. పైగా ఇక్కడైతే రైలెక్కి కాసేపట్లో ఆఫీసుకు చేరుకోవచ్చు.