మన చెరువులలో మీసపు చేపలు – పట్టుబడికి హద్దు

పలాస, మందస, టెక్కలి ప్రాంతములలో చెరువులకు చేపలపాట జరుగు దినములు సమీపించినపుడెల్ల సంఘసభలలో ఒక తగవు తప్పక తలయెత్తుచుండును. సొమ్ము వెచ్చించి బొచ్చె, శీలావతి పిల్లలను చెరువున విడిచినవారు, వాలుగ యను చేప ఆ పిల్లలనెల్ల మ్రింగుచున్నది గావున దానిని సమూలముగా తీసివేయవలెనందురు. గాలముతోను ఊతతోను పొట్టపోసికొనువారు, వాలుగయు మార్పును ఇంగిలాయియు లేనిచో వానకాలమున తమకు కూటికి దారి యేదని యడుగుదురు. ఇరుపక్షములందును సత్యము కలదు. కాని ఇరువురును కోరునది ఒక్కటే: ఏటికి ఇన్ని కిలోలు పట్టవచ్చును, అంతకు మించరాదు అని ఒక అంకె చెప్పుమని. మా యభిప్రాయమున నేటి స్థితిలో మన చెరువులకు ఆ అంకె అంతగా పనికిరాదు. ఎంత పట్టితిమన్న దానికంటె ఏ నెలలో పట్టితిమి, ఎంత నిడివిగల చేపను పట్టితిమి యన్నదే చేపల సంతతి నిలుచుటకును చెడుటకును కారణమగుచున్నది. అందులకు హేతువులను ఇచట వివరించెదము.

పొలుసు లేక, నోటిచుట్టు మీసములు గల చేపలనన్నిటిని ఒకే కట్టగా కట్టుట మొదటి పొరపాటు. వీనిలో వాలుగ వేటాడు జాతి. దాని నోరు మిక్కిలి వెడల్పు, పండ్లు వాడియైనవి. పగటివేళ లోతున పడియుండి రాత్రివేళ తిరుగును. చిన్న చేపలే దాని ముఖ్యాహారము. అది ఒక మీటరుకు మించి పెరుగగలదు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన వల్లాగో అను పేరు మన వాలుగ మాటను వినినట్లే యుండును. ఒకప్పుడు ఎల్లెడల విస్తారముగ దొరకుచుండిన ఈ చేప తగ్గిపోవుచుండుట గమనించి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితివారు దీనిని అపాయమునకు లోనగుచున్న జాతుల పట్టికలో చేర్చియున్నారు. వాలుగ సుమారు ఒకటిన్నర నుండి రెండడుగుల నిడివికి వచ్చిన పిమ్మటగాని గ్రుడ్లు పెట్టదు. పెద్ద ఆడుచేప ఒక్కమారుగా లక్షకు పైగా గ్రుడ్లు విడువగలదు గాని వానిని కాపాడుకొనదు. క్రొత్తనీరు వచ్చినపుడు గడ్డి మునిగిన పల్లములకు ఎక్కి, అచట విడిచి, తన దారిని తాను పోవును.

మార్పు, ఇంగిలాయి అట్టివి కావు. నీటిలో ప్రాణవాయువు చాలనపుడు ఇవి పైకి వచ్చి గాలిని పీల్చుకొని బ్రతుకగలవు. అందుచేతనే చెరువు ఎండి అడుగున బురద మాత్రము మిగిలిన దినములలో కూడ వీనిని చేతులతో దేవి తీయుచున్నాము. (ఇట్లు దేవునపుడు ఇంగిలాయి రెక్కముల్లు గ్రుచ్చుకొనుట రైతుబిడ్డలందరు ఎరిగినదే. ఆ విషము వేడికి విరుగునది గనుక, చర్మము కాలనంత వేడినీటిలో చేతిని ఉంచిన బాధ తగ్గును.) మార్పు పెట్టు గ్రుడ్లు లక్షలు కావు, వేలు మాత్రమే. వరిమడి గట్టు ప్రక్కను, నీటి అంచునను బొరియ చేసి అందు గ్రుడ్లు పెట్టగా మగచేప కావలి కాయును. ఆ కావలిచేపను పట్టితిమా, ఆ గూటిలోని సంతతి యంతయు పోయినట్లే. ఇక జెల్లలు చిన్నవి, త్వరగా ఈడునకు వచ్చునవి. వానిని గూర్చి మిగిలినవానికంటె తక్కువ చింత చాలును.

ఇప్పుడు నెలల సంగతి చూతము. ఉద్దానపు తీరమున వేట నిషేధము మనకు క్రొత్త గాదు. ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు 61 దినములు తూర్పు సముద్రమున మరపడవల వేట నిలిచిపోవుచున్నది. బారువ, భావనపాడు రేవులలో పడవలు ఒడ్డున నుండు ఆ దినములలో చేపల గిరాకి చెరువులమీద పడును. నిషేధము తీరునప్పటికి సరిగా నైరుతి ఋతుపవనము మన జిల్లాకు వచ్చును. మంచినీటి మీసపు చేపలు గ్రుడ్లు పెట్టునది అప్పుడే. సముద్రమునకు విరామము ముగిసిన దినమున చెరువునకు విరామము ఆరంభము కావలెనన్నమాట. కాని జరుగుచున్నది వేరు. తొలకరి వానకు గెడ్డలు పారి, అలుగు పొర్లి, చేప నీటికి ఎదురెక్కుచుండగా, ప్రతి మదుము నోటను ప్రతి కాలువ మలుపునను వెదురు తడికలు, ఊతలు, చిక్కని వలలు పెట్టి ఎదురుచూచుచున్నాము. కడుపునిండ గ్రుడ్లున్న వాలుగ ఆ రాత్రులలో పడినంత సులభముగ మరెన్నడును పడదు. బరువులో అది ఒక్క చేప. కిలోల లెక్కలో మూడో నాలుగో. మూడేండ్ల పిమ్మట వలలో పడవలసిన చేపలెన్ని ఆ ఒక్కదానితో పోయినవో కాటా చెప్పదు. అంకె హద్దు పనికిరాదని మేమనుటకు ఇదియే ముఖ్యకారణము.

ఈ విషయము నేడు క్రొత్తగా కనుగొనినది గాదు. ఫ్రాన్సిస్ డే యను వైద్యుడు మన దేశపు మంచినీటి చేపల స్థితిని విచారించి 1873లో ప్రకటించిన నివేదికలో, పొలములలోను కాలువలలోను తడికలు పెట్టి పిల్లచేపలను పట్టుటయు, కన్ను చిక్కనైన వలలును నష్టకారణములని వ్రాసియున్నాడు. తరువాత 1897లో వచ్చిన చేపల చట్టము నీటిలో విషము కలుపుటను, మందుగుండు ప్రేల్చుటను నేరములుగా నిర్ణయించెను. వలల కన్నుల పరిమాణమును, కాలువలకు అడ్డముగ పెట్టు మాటులను గూర్చి నియమములు చేయుటకును, అవసరమైనచోట రెండేండ్లకు మించకుండ వేటను పూర్తిగా ఆపుటకును ప్రభుత్వములకు ఆ చట్టమే అధికారమిచ్చెను. నాడు మన టెక్కలి ప్రాంతము గంజాము జిల్లాలో, మద్రాసు రాజధానిలో నుండెను. సహకార సంఘ సభ్యులకు ఇంకొక సంగతి రుచించును: వ్యవసాయ బ్యాంకులను గూర్చి నివేదిక వ్రాసి మన దేశమున సహకారోద్యమమునకు దారి చూపిన ఫ్రెడరిక్ నికల్సన్ దొరయే, 1905 మొదలుకొని మద్రాసు రాజధానిలో చేపల పరిశ్రమను గూర్చిన ప్రభుత్వ కార్యమునకును ఆద్యుడు. అప్పుకును చేపకును నడుమ సంబంధమును అతడు చూచియుండెను.

గ్రుడ్లు పెట్టు పల్లములు లేనిచో ఎన్ని నియమములు చేసినను ఫలము లేదు. ఈ సంగతి బీలల వలన మనకు బోధపడవలెను. సోంపేట బీలలో వాననీరు నిలిచి, గడ్డి పెరిగి, చేప పొదిగి, ఆ నీరే చుట్టుపట్ల పొలములకు పారుచున్నది. ఆ బీలలో బొగ్గు విద్యుత్కేంద్రమును పెట్టదలచినపుడు రైతులును మత్స్యకారులును ఒక్కటై నిలిచిరి. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ మాసముననే ఆ కేంద్రమునకు ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయ్యెను. అంత పెద్ద పోరాటము ప్రతి చెరువునకును అక్కరలేదు. చెరువు వెనుకనున్న గడ్డి పల్లమును వేసవిలో చదునుచేసి మడిలో కలుపుకొనకుండిన చాలును. కాని ఆ కలుపుకొనువాడు అన్యుడు గాక మనలో ఒకడగుట చేత సభలో ఎవరును నోరు మెదపరు.

ఇట్లు చూచిన హద్దులు ఎట్లుండవలెను? మొదటిది కాలపు హద్దు: అలుగు మొదటిసారి పారిన దినము మొదలు శ్రావణ బహుళ అమావాస్య వరకు మదుము నోటను, అలుగు దిగువను, కాలువలలోను తడికగాని వలగాని పెట్టరాదు. చెరువు నడుమ గాలము వేయుటను సహింపవచ్చును; గాలముతో చెరువు ఖాళీకాదు. రెండవది వల కన్ను. నాలుగు వ్రేళ్లు కలిపి దూర్చిన సులభముగ దూరునంత కన్నుగల వలలనే పెద్ద చేపలకు వాడవలెను. జెల్ల, ఇంగిలాయి చిన్న చేపలు గనుక వానిని కార్తికము తరువాత ఊతలతోను గాలములతోను పట్టుకొనవచ్చును. వానికొరకని చిక్కని వల దింపిన అన్ని జాతుల పిల్లలును అందులో వచ్చును. మూడవది నిడివి: రెండడుగులకు లోబడిన వాలుగ ప్రాణముతో పడినపుడు తిరిగి నీట విడువవలెను. ఈ మూడవదానిని పాటించుట కష్టమని మాకు తెలియును. ఆకలిగొన్నవాని బుట్టలోని చేపను నీటిలో వేయుమని చెప్పుట సులభము, వేయుట సులభము గాదు. మొదటి రెండును సరిగా నడచిన మూడవదాని అవసరము చాలవరకు తగ్గును.

డబారుసింగి, కళింగదళ్ వంటి కొండదిగువ జలాశయములకును, ఊరి బందలకును భేదము గలదు. జలాశయమున వేసవిలోను లోతున నీరుండుటచేత పెద్ద చేపలు కొన్ని మిగులును. చిన్న చెరువు వైశాఖమున అడుగంటును. అచట మిగిల్చిన చేప ఎట్లును చచ్చును గాన హద్దు పెట్టుట వ్యర్థమని పలువురందురు. అది నిజమే, ఒక మడుగు లేనిచో. పూడిక తీయునపుడు మదుమునకు దూరముగ ఒక మూలను నిలువెత్తు గోయిని త్రవ్వి, అందులోని చేపను ఎవరును ముట్టరాదని సభలో తీర్మానించిన, మరుసటి వానకు విత్తనపు చేప సొమ్ము పెట్టక లభించును. మట్టి తోలుకొను రైతుకును నష్టములేదు.

బొచ్చె పిల్లలను వాలుగ మ్రింగుననుట సత్యమే. దానికి ఉపాయము వాలుగను నిర్మూలించుట గాదు. వ్రేలిగోరంత పిల్లను విడిచిన వాలుగయేల, కప్పయు కొంగయు తినును. వాలుగలున్న చెరువులో నాలుగంగుళములకు తక్కువ గాని పిల్లలను విడువవలెను. అట్టివి వెలలో హెచ్చు. కాని వేయి చిన్నవానిలో మిగులువానికంటె మూడువందల పెద్దవానిలో హెచ్చు మిగులుట కద్దు. వాలుగలు మరీ ప్రబలినచో మాఘ ఫాల్గుణములలో, నీరు తగ్గి వల చక్కగ సాగునపుడు, పెద్దవానిని కొన్నిటిని తీసి అమ్ముకొనవచ్చును.

పైన చెప్పిన హద్దులేవియు వర్తింపని చేప ఒకటి కలదు. అది ఆఫ్రికా మార్పు. దాని పెంపకము మన దేశమున నిషేధింపబడినది. కేంద్రప్రభుత్వము 2000లోను, జాతీయ హరిత న్యాయస్థానము 2019లోను అట్టి గుంటలలోని చేపలను నాశనము చేయవలెనని ఆదేశించిరి. అయినను కోళ్ల వ్యర్థములు వేసి దొంగతనముగ పెంచువారు పలుచోట్ల పట్టుబడుచునే యున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటినట్టి వేళలలో గట్లు తెగి, గుంటల నీరు చెరువులలో కలియును. గుంటలోని చేపయు కలియును. మన మార్పు సామాన్యముగ అడుగు నిడివికి మించదు. కిలోలకొలది తూగు మార్పు వలలో పడిన అది పరదేశపుదని యెంచి, ఏ నెలయైనను, గ్రుడ్లున్నను, తిరిగి నీట విడువక మత్స్యశాఖవారికి తెలియజేయవలెను.

సభ్యులు తామై ఏర్పరచుకొనిన కట్టుబాటు నిలుచునా యని కొందరు సందేహింతురు. థాయిలాండు దేశమున మేకాంగు నది ఒడ్డున చియాంగ్ ఖాంగ్ అను ఊరు గలదు. అచటి బెస్తలు 2005లో 293 కిలోల మీసపు చేపను పట్టిరి. ఆ చేప మేకాంగులోనే గాని మరెచటను పుట్టదు. అది అంతరించునన్న భయము కలుగగా, మరుసటి యేట అచటివారు దానిని వేటాడు వలలను అప్పగించి ఆ వేటను మానుకొనిరి. మన చెరువునకు అంత త్యాగము అవసరము లేదు. సుమారు రెండు నెలలు మదుము నోట తడిక తీసివేయుటయే.

కట్టుబాటుతోబాటు ఒక పుస్తకము కావలెను. వల లాగిన ప్రతి దినమున తేదీ, మదుము రాతిపై నీటిమట్టము, రెండడుగులకు మించిన వాలుగలెన్ని, లోబడినవెన్ని, మార్పులెన్ని అని కార్యదర్శి వ్రాయవలెను. అట్టి లెక్క మూడేండ్లది చేతనున్న పిమ్మట, సభ్యులు మొదటినుండి అడుగుచున్న కిలోల అంకెను నిర్ణయించుటకు ఆధారము దొరకును. గ్రుడ్లతో నున్న ఆడు వాలుగ ఆ యేట చిట్టచివర కనబడిన తేదీని మాత్రము ఎఱ్ఱసిరాతో వేరుగా వ్రాయవలెను. మరుసటి యేట వేట తెరచు దినమును సభవారు ఆ తేదీనిబట్టి సవరించుకొనవచ్చును.