షుగర్ డౌన్ అయితే మూడ్ ఎందుకు మారుతుంది? సెన్సార్లు, అలర్ట్‌లు ఎంతవరకు హెల్ప్ చేస్తాయి?

ఇంట్లో షుగర్ పేషెంట్ ఉంటే ఈ మాట వినే ఉంటారు: "షుగర్ డౌన్ అయింది, తొందరగా ఏదైనా తీపి ఇవ్వండి." చెమటలు పట్టడం, చేతులు వణకడం చాలామందికి తెలిసిన లక్షణాలే. కానీ అదే టైమ్‌లో ఊరికే కోపం రావడం, కారణం లేకుండా భయం వేయడం, ఏడుపు రావడం కూడా జరుగుతుంది. ఇవి కూడా లో షుగర్ లక్షణాలే అని చాలామంది గుర్తించరు. ఇప్పుడు చేతికి అతికించుకునే సెన్సార్లు, ఫోన్‌లో మోగే అలర్ట్‌లు వచ్చేశాయి. మరి అవి ఈ ఇబ్బందిని తగ్గిస్తున్నాయా, పెంచుతున్నాయా? చూద్దాం.

లోపల ఏం జరుగుతుంది?

మెదడుకి ప్రధాన ఇంధనం గ్లూకోజ్. రక్తంలో అది 70 ఎంజీ/డీఎల్ కంటే తగ్గితే లో షుగర్ అంటారు. 54 కంటే తగ్గితే సీరియస్‌గా తీసుకోవాలి. లెవెల్ పడిపోతుంటే శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. మనం భయపడినప్పుడు విడుదలయ్యే హార్మోన్ కూడా ఇదే. అందుకే గుండె దడ, వణుకు, ఆందోళన. ఇంకా తగ్గితే మెదడుకే ఇంధనం చాలదు. అప్పుడు తికమక, చిరాకు, మొండితనం మొదలవుతాయి. బ్యాటరీ అయిపోవస్తుంటే ఫోన్ కొన్ని యాప్స్‌ని ఆపేస్తుంది కదా, ఇక్కడ ముందుగా ఆగిపోయేది ఓపిక అనుకోండి.

ఈ రిస్క్ ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో చాలా అరుదు.

తగ్గాక కూడా వదలని భయం

తీపి తింటే నంబర్ పెరుగుతుంది, కానీ మనసు అంత ఫాస్ట్‌గా తేరుకోదు. "ఆఫీస్‌లో అందరి ముందూ అరిచాను" అనే సిగ్గు, "నిద్రలో పడిపోతే ఎలా?" అనే భయం మిగిలిపోతాయి. ఈ భయం ఎంత ఉందో కొలవడానికి అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు 1987లోనే ఒక ప్రశ్నావళి తయారు చేశారు. లో అవుతుందేమో అన్న భయంతో కొందరు కావాలనే షుగర్‌ని ఎక్కువగా ఉంచుకుంటారు. అలా ఏళ్ల తరబడి ఉంటే కళ్లు, కిడ్నీలు దెబ్బతింటాయి. అంటే ఇది మూడ్‌తో ఆగిపోయే సమస్య కాదు.

భయం నుంచి పుట్టిన గాడ్జెట్

అమెరికాకి చెందిన డానా లూయిస్‌కి టైప్ 1 డయాబెటిస్. గాఢంగా నిద్రపోయే అలవాటు. రాత్రి షుగర్ పడిపోతే తన సెన్సార్ అలారం సౌండ్ తనని లేపలేదని ఆమె భయం. 2013లో స్కాట్ లైబ్రాండ్‌తో కలిసి సెన్సార్ డేటాని బయటకు తీసి, గట్టిగా మోగే సొంత అలారం తయారు చేసుకుంది. అదే పని పెరిగి, రీడింగ్‌ని బట్టి ఇన్సులిన్ పంప్‌ని అడ్జస్ట్ చేసే సిస్టమ్ అయింది. 2015లో ఓపెన్ఏపీఎస్ పేరుతో ఆ ప్రాజెక్ట్ అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ప్లస్‌లు, మైనస్‌లు

డెక్స్‌కామ్ జీ6 ప్రతి 5 నిమిషాలకీ రీడింగ్ ఇస్తుంది. 20 నిమిషాల్లో షుగర్ 55కి పడిపోయేలా ఉంటే ముందే హెచ్చరిస్తుంది. రీడింగ్స్‌ని ఇంట్లోవాళ్ల ఫోన్‌కీ పంపొచ్చు. ఫ్రీస్టైల్ లిబ్రే మొదటి వెర్షన్‌లో అలారం లేదు, స్కాన్ చేస్తేనే నంబర్ కనిపిస్తుంది. కాబట్టి కొనేముందు అలారం ఉన్న మోడలా కాదా చూడండి.

ఇక మైనస్‌లు. ఈ సెన్సార్లు రక్తాన్ని కాదు, చర్మం కింద ఉండే ద్రవాన్ని కొలుస్తాయి. అందుకే రీడింగ్ కొన్ని నిమిషాలు వెనక ఉంటుంది. సెన్సార్ ఉన్న చెయ్యి మీద పడుకుంటే లేని 'లో' చూపించే ఛాన్స్ కూడా ఉంది. డౌట్ వస్తే వేలికి సూది గుచ్చి చెక్ చేయాల్సిందే. అర్ధరాత్రి పదేపదే అలారం మోగితే విసుగొచ్చి ఆఫ్ చేసేవాళ్లూ ఉన్నారు. డేటా షేర్ చేశాక "ఏం తిన్నావ్? ఎందుకు తగ్గింది?" అని ఇంటినుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తే అదో టెన్షన్. ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో, దేనికి చేయకూడదో ముందే మాట్లాడుకోవడం బెటర్.

ఈ సెట్టింగ్స్ చెక్ చేయండి

ఫోన్ సెట్టింగ్స్ వల్ల ముఖ్యమైన అలర్ట్‌లు మిస్ అవుతున్నాయని అమెరికా ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఇంట్లో ఎవరికైనా ఈ యాప్ ఉంటే, వాళ్ల ఫోన్‌లో ఇవి మీరే చూసిపెట్టండి:

• యాప్ నోటిఫికేషన్ పర్మిషన్ ఆన్‌లో ఉందా?
• డూ నాట్ డిస్టర్బ్ మోడ్ అలర్ట్‌ని ఆపేస్తోందా?
• బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని క్లోజ్ చేస్తోందా?
• బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కనెక్ట్ అయితే సౌండ్ ఎక్కడ వస్తోంది?
• ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ చేసేముందు, యాప్ దానికి సపోర్ట్ చేస్తుందా?

ఇంకో మాట. చర్మానికి గుచ్చకుండానే షుగర్ కొలుస్తామనే స్మార్ట్‌వాచ్‌లు, రింగ్‌లు వాడొద్దని ఇదే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో చెప్పింది. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించినా టెంప్ట్ అవ్వకండి.

పక్కన ఉంటే మీరేం చేయాలి?

షుగర్ ఉన్న ఫ్రెండ్ సడన్‌గా చిరాకు పడితే వాదన పెట్టుకోకండి. "ఒకసారి రీడింగ్ చూద్దామా?" అని మామూలుగా అడగండి. లో ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా అంతే చక్కెర ఉన్న జ్యూస్ ఇవ్వాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి పని చేయడం లేట్ అవుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి కాల్ చేయండి.

తేరుకున్నాక, ఆ పది నిమిషాల్లో వాళ్లు అన్న మాటలు మనసులో పెట్టుకోకండి. నంబర్ ఎంతుందో సెన్సార్ చెప్తుంది, "పర్లేదులే" అనాల్సింది మాత్రం మీరే.