రక్తనాళాల తూములు

చెరువు తూము చూసినవారికి రక్తనాళం సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

సన్న ధమనుల గోడల్లో నునుపు కండర కణాలుంటాయి. ఆ కణాల లోపలికంటే బయట కాల్షియం అయానులు సుమారు 10,000 రెట్లు ఎక్కువ. కట్టకు అవతల నిండు చెరువు, ఇవతల ఎండిన మడి అన్నమాట. కణపు పొరలో ఉన్న ద్వారాలే తూములు. తూము లేచిందా, కాల్షియం లోపలికి ఉరుకుతుంది, కండరం బిగుస్తుంది, నాళం సన్నబడుతుంది. వ్యాసార్ధం సగమైతే రక్తానికి అడ్డు 16 రెట్లు! గుండె ఎంత బలంగా తొయ్యాలో లెక్కేసుకోండి.

తూమును మూసి ఉంచడంలో పొటాషియంది పెద్ద చెయ్యి. అది బయటికి జారుతున్నంతసేపూ కణం లోపల ఋణావేశం నిలుస్తుంది. ఆ ఆవేశం తగ్గితే తూములు లేస్తాయి.

వచ్చిన కాల్షియాన్ని మళ్లీ బయటికి ఎత్తిపొయ్యాలి గదా. పల్లం నుంచి మిట్టకు నీళ్లు ఊరికే ఎక్కవు, మోటారు కావాలి. కణంలోని మోటారుకు కరెంటు ఏ.టి.పి. దాన్ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా.)

బి.పి.కి వాడే ఎమ్లోడిపిన్ గోలి కాల్షియం తూముకు అడ్డుపడుతుంది. "కాళ్లు ఉబ్బుతున్నయిరా, ఈ గోలి నాకొద్దు" అన్నాడు మా నాయన, బాగ్‌లింగంపల్లిలో నా గదికొచ్చినప్పుడు. వాపు నిజమే. గోలితో ధమనులు విచ్చుకుంటాయి, సిరలు అంతగా విచ్చుకోవు. ఎగువ కాలువ వెడల్పు చేసి దిగువ అట్లాగే వదిలేస్తే గట్టు ఊరదా? నీరు అట్లా కాళ్లలోకి ఊరుతుంది. కాగితంమీద గీసి చూపిస్తే ఒప్పుకున్నాడు. నాట్లయినంక పోదామన్నా వినక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మోతాదు తగ్గించి, ఇంకో రకం గోలి జతచేశారు.