పాటలో సగం పియానోది!
ఇంగ్లండు పక్కవాద్యకారుడి జీవితకాల పోరు

పౌరాణిక నాటకంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తే వన్స్‌మోర్లన్నీ కృష్ణుడికే. స్టేజీ పక్కన హార్మోనియం వాయించిన మనిషి పేరు ఎంతమందికి గుర్తుంటుంది? పశ్చిమ దేశాల కచేరీల్లోనూ చాలాకాలం ఇదే వరస. చప్పట్లు గాయకుడికి, చిన్నచూపు పియానో వాయించేవారికి. ఆ చిన్నచూపును జీవితమంతా ఎదిరించి గెలిచారు జెరాల్డ్ మూర్.

ఇద్దరే కచేరీ

ఒక గొంతు, ఒక పియానో. మూడో మనిషి ఉండరు. మైకూ ఉండదు. కవుల గీతాలకు బాణీ కట్టి ఇలా ఇద్దరే వినిపించే పద్ధతి జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాల్లో బాగా పెరిగింది. ఈ పాటలను అక్కడ 'లీడర్' అంటారు. నాయకుడని కాదు, పాటలని అర్థం. వియన్నాలో పుట్టిన ఫ్రాంజ్ షూబర్ట్ (1797-1828) 31 ఏళ్లకే కన్నుమూసినా ఇలాంటి పాటలు 600కు పైగా కట్టారు.

వీటిలో పియానో ఉత్త వంతపాట కాదు. పిండిమిల్లు కుర్రవాడి కథ చెప్పే 20 పాటల వరుసలో వాగు పారేది పియానో మీదే. బిడ్డను పొదువుకుని తండ్రి రాత్రివేళ గుర్రం పరుగెత్తించే పాటలో డెక్కల చప్పుడు పియానో వాయించేవారి కుడిచేతిదే. ఆ చెయ్యి అలిసిందా, గుర్రం ఆగినట్టే!

నిన్నటి శత్రువులు

మూర్ 1899లో ఇంగ్లండులోని వాట్‌ఫర్డ్‌లో పుట్టారు. పక్కవాద్యం విలువ తనకు తెలియజెప్పింది గాయకుడు జాన్ కోట్స్ అని చెప్పుకునేవారు. తన విద్యకు సిగ్గుపడనక్కర లేదంటూ 1943లో ఒక పుస్తకం రాశారు. 1962లో వచ్చిన ఆత్మకథకు 'నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా?' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

1951లో లండన్‌లో ఆయన పియానోకు గొంతు కలిపిన యువకుడు డీట్రిష్ ఫిషర్-డీస్కావ్. బెర్లిన్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో చేరక తప్పలేదు. ఇటలీలో అమెరికన్లకు చిక్కి, బందీల శిబిరంలో తోటివారికి పాటలు వినిపించారు. యుద్ధం ముగిసి ఆరేళ్లే అయింది. అయినా మిల్లు కుర్రవాడి పాటలను ఇంగ్లండు పియానో, జర్మన్ గొంతు కలిసి రికార్డు చేశాయి. 1966-72 మధ్య ఈ జోడీ షూబర్ట్ పాటలు 400కు పైగా రికార్డు చేసింది.

వేదికపై ఒక్కరే

1967 ఫిబ్రవరి 20. లండన్ రాయల్ ఫెస్టివల్ హాలులో మూర్ వీడ్కోలు కచేరీ. ఫిషర్-డీస్కావ్, ఎలిజబెత్ శ్వార్జ్‌కాఫ్, విక్టోరియా డి లాస్ ఏంజెలిస్ ఆయన కోసం వచ్చి పాడారు. అంతా అయ్యాక మూర్ ఒక్కరే పియానో ముందు కూర్చున్నారు. సంగీతానికి కృతజ్ఞత చెప్పే షూబర్ట్ పాటను గొంతు తోడు లేకుండా వాయించారు. జీవితమంతా ఒకరి పక్కన వాయించిన మనిషి, ఆ చివరి పాట తన కోసం వాయించుకున్నారు.

మూర్ 1987లో, ఫిషర్-డీస్కావ్ 2012లో కన్నుమూశారు. వారి రికార్డులు మిగిలాయి. వింటే పాట ఎవరిదో విడదీసి చెప్పలేం.

ఈసారి ఊళ్లో నాటకం ఆడితే, ఒక వన్స్‌మోర్ హార్మోనియానికీ వేసినా తప్పులేదు!