హెచ్‌ఐవీ టీకాను తూచే యంత్రాలు

జాందానీ చీరలకూ చేపల వేటకూ పేరుపడ్డ కాకినాడ జిల్లా ఉప్పాడ వంటి తీరగ్రామంలో ఎవరైనా హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోదలిస్తే, ప్రభుత్వాసుపత్రుల్లో ఐసీటీసీ అని పిలిచే సలహా, పరీక్షా కేంద్రంలో రక్తం తీసి కిట్‌పై వేస్తారు. ఆ కిట్ ప్రధానంగా వెతికేది వైరస్‌ను కాదు, దానిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను, అంటే ప్రతిరక్షకాలను. అవి కనిపిస్తే మరో రెండు వేర్వేరు కిట్లతో సరిచూసుకున్నాకే వైరస్ సోకినట్టు నిర్ధారిస్తారు. టీకా పరిశోధకులకు మాత్రం ప్రతిరక్షకాలు ఉన్నాయని తెలిస్తే చాలదు. అవి వైరస్‌ను నిజంగా ఆపుతాయా, ఆపితే ఎన్ని రకాల వైరస్‌లను ఆపుతాయి అన్నదే వారికి కావలసిన సమాధానం.

అందుకు ఎక్కువగా వాడుతున్నది టీజెడ్‌ఎం-బీఎల్ అనే కణాలతో చేసే పరీక్ష. ఈ కణాల్లో మిణుగురు పురుగును వెలిగించే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువును అమర్చినందువల్ల, హెచ్‌ఐవీ లోపలికి చొరబడగానే ఆ ఎంజైమ్ తయారవుతుంది; తగిన రసాయనం కలిపితే వెలుగు వస్తుంది. టీకా తీసుకున్న వ్యక్తి రక్తం నుంచి వేరుచేసిన సీరంను అంచెలంచెలుగా పలచన చేసి, హెచ్‌ఐవీ పైతొడుగుతో తయారుచేసిన, ఒక్కసారికి మించి వ్యాపించలేని కృత్రిమ వైరస్‌తో కలిపి, ఆ మిశ్రమాన్ని కణాలకు చేర్చి, సుమారు రెండు రోజుల తరువాత వెలుగును కొలుస్తారు. వెలుగు సగానికి తగ్గిన చోట సీరం ఎంత పలచగా ఉందన్నదే దాని బలానికి కొలమానం.

ఒక్కొక్క నమూనా విషయంలో ఇది తేలికే. కానీ హెచ్‌ఐవీ పైతొడుగు విపరీతంగా మారుతుంటుంది కనుక ఒకే వైరస్‌పై నెగ్గిన సీరంను నమ్మడానికి వీల్లేదు. అందుకే ప్రపంచవ్యాప్త వైవిధ్యానికి ప్రాతినిధ్యం వహించేలా 219 వైరస్‌ల నుంచి 12ను ఎంపికచేసి 2014లో ఒక ప్రామాణిక జట్టును ప్రకటించారు. మన దేశంలో ప్రధానంగా కనిపించే సి ఉపరకానికి చెందిన భారతీయ వైరస్ కూడా అందులో ఒకటి. 100 నమూనాలను 12 వైరస్‌లతో, 8 అంచెల్లో, రెండేసి సార్లు పరీక్షించాలంటే ప్రయోగశాల పళ్లేల్లో 19,200 గుంటలు నింపాలి. ఆ లెక్కన, నియంత్రణ గుంటలను పక్కన పెట్టినా, 96 గుంటల పళ్లేలు 200, 384 గుంటలవైతే 50 కావాలి. ఈ పనిని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంటెఫియోరి బృందం రోబోలకు అప్పగించింది. వేగం వల్ల కలిగే లాభం స్పష్టమే. అయితే అసలు మేలు, ఏ రోజు ఏ చేయి పనిచేసినా మొదటి గుంటకూ చివరి గుంటకూ కొలతలో తేడా రాకపోవడమే. అది లేనిదే రెండు దేశాల టీకాలను పోల్చడం కుదరదు.

ఆ కొలత విలువ 2021లో వెలువడిన ఏఎమ్‌పీ అధ్యయనాల్లో తేలింది. 4,600 మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనాల్లో వీఆర్‌సీ01 అనే ప్రతిరక్షకం మొత్తం మీద హెచ్‌ఐవీని గణనీయంగా నిరోధించలేకపోయింది. కానీ దానికి సులువుగా లొంగుతాయని ప్రయోగశాల పరీక్ష గుర్తించిన వైరస్‌ల విషయంలో సుమారు 75 శాతం రక్షణ కనిపించింది. పరీక్ష లేకపోతే ఆ ప్రతిరక్షకం ఒట్టి వైఫల్యంగానే మిగిలేది.

టీకా అన్వేషణలో తెలుగు పేరూ ఉంది. ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన అమర రామారావు ప్రథమ రచయితగా 2001లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన కోతుల అధ్యయనం, డీఎన్ఏ టీకా తరువాత ఎంవీఏ అనే బలహీనపరచిన వైరస్ టీకా ఇచ్చే పద్ధతికి పేరు తెచ్చింది. భారతదేశంలో హెచ్‌ఐవీ టీకాల తొలిదశ మానవ ప్రయోగాలు 2005లో పుణేలో, 2006లో చెన్నైలో మొదలయ్యాయి. ఇలాంటి టీకాలు తీసుకున్న కొందరికి, వైరస్ సోకకపోయినా, మామూలు కిట్ పాజిటివ్ చూపవచ్చు కాబట్టి వారికి వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష అవసరమవుతుంది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 3.21 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. ఆమోదం పొందిన టీకా ఇంకా ఏదీ లేదు. ఐసీటీసీలో పరీక్ష ఉచితం. 2017 నాటి చట్టం ప్రకారం సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. సందేహమున్నవారు 1097కు ఫోన్ చేయవచ్చు.